పిన్నిగారికి పంపిన యూనివర్సిటీ వీడియో

నా అతితెలివి ఎంత పని చేసిందో వినండి! మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకే ఇంకా నవ్వు రావడం లేదు.

బందరులో యూనివర్సిటీ లైబ్రేరియన్ని కదా, ఏటా కొత్త పిల్లలకి కాపీరైట్ మీద క్లాసు పీకేది నేనే. "లైసెన్సు వీడియోలు మీ లాగిన్‌లోనే చూడాలి. షేరింగులు గీరింగులు కుదరవు!" అని వేలు చూపించి మరీ చెప్తాను.

వాటిలో పెడన కలంకారీ మీద ఒక వీడియో ఉంది. మా పక్కింటి బాబాయిగారు బట్ట మీద అచ్చులు అద్దుతూ పది నిమిషాలు మాట్లాడతారు. కిందటేడు ఆయన పోయారు.

"ఆయన గొంతు ఒక్కసారి వినిపించు బాబూ. ఇంట్లో ఫొటో తప్ప ఏం లేదు" అన్నారు పిన్నిగారు.

మనసు ఆగలేదండీ. లైబ్రరీ కంప్యూటర్ ముందు ఫోన్ నిలబెట్టి, మొత్తం రికార్డు చేసి పంపేశాను. "మీరొక్కరే చూడండి పిన్నిగారూ" అని పదిసార్లు చెప్పాను.

ఆవిడ ఒక్కరే ఎలా చూస్తారు, పాపం? ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టారు. అవనిగడ్డలో ఉన్న మేనల్లుడు "మా మావయ్య జ్ఞాపకార్థం" అని నెట్‌లో ఎక్కించేశాడు. వీడియోలో ఒక మూలన నా లాగిన్ పేరు కనబడుతోంది! నాలుగో రోజుకల్లా మాకు ఆ వీడియోలిచ్చే కంపెనీ నుంచి మెయిల్. యూనివర్సిటీ మొత్తానికి వీడియోలు కట్! ప్రాజెక్టులు రాసుకునే పిల్లలు నా టేబుల్ చుట్టూ మూగారు.

మా పైఆఫీసరు గారు లైసెన్సు కాగితాలు నా ముందుకి తోశారు. "రెండో పేజీ చదివారా?"

చదివాను. అప్పుడే! బయటివాళ్లు కూడా లైబ్రరీకి వచ్చి, మా కంప్యూటర్లో చూడొచ్చట. పిన్నిగారిని ఆటోలో తీసుకొచ్చి కూర్చోబెడితే సరిపోయేది. ఇన్నేళ్లూ మొదటి పేజీ మాత్రమే చదివి క్లాసులు చెప్పానన్నమాట.

సాయంత్రం వాళ్లింటికి వెళ్లి, తల దించుకుని చెప్పాను. మేనల్లుడు అప్పటికే తీసేశాడు. పిన్నిగారు తన ఫోన్ నా చేతికిచ్చారు. "నీ ఉద్యోగానికి ఇబ్బంది రాకూడదు బాబూ, తీసెయ్."

తీసేశాను. ఏడుపొచ్చింది, నిజంగా.

ఆవిడే నన్ను ఓదార్చారు. "విన్నాను కదా, చాలు. మీ బాబాయి ఎప్పట్లాగే ఏదో కరకరా నములుతూ మాట్లాడారు. ఆ చప్పుడు వింటే ఆయన పక్కనే కూర్చున్నట్టుంది."

నేను తలూపి వచ్చేశాను. ఆ నమిలింది ఆయన కాదండీ, నేను! రికార్డు చేస్తున్న ఫోన్ పక్కనే కూర్చుని, జంతికలు. 'లైబ్రరీలో తినరాదు' అని నేనే రాయించిన బోర్డు కింద!