రాములు తల్లి చేతిలో ఇనుపరాయి

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. చేతుల్లో కూరలుంటే తరుక్కుంటూనే వినండి, చెవి ఇటు పడేస్తే చాలు. ఇంట్లో పసిపిల్లలున్న తల్లులు మాత్రం ఇంకాస్త ముందుకు రండి.

ఎనభైల నడిమి కాలం. బస్తర్‌లో బైలడీలా కొండల మీద ఇనుపరాయి తవ్వకాలు జోరుగా సాగుతున్న రోజులు. కొండ కింద కాలనీలో చిన్న ఆసుపత్రి ఉండేది. మా ఆయన రైల్వేలో గ్యాంగ్‌మన్‌. విజయనగరం వైపు నుంచి ఆయనతో పాటు వచ్చిన నేను ఆ ఆసుపత్రిలో ఆయాగా చేరాను. ఆయా అంటే దుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్‌ తీయడం, సూది వేసేటప్పుడు పిల్లల్ని కదలకుండా పట్టుకోవడం. దానితో పాటు ఎవరూ అప్పగించని పని ఇంకొకటి నా నెత్తిన పడింది. డాక్టరు గారిది రాయపూర్‌ వైపు, ఆయనకి హిందీ. వచ్చేవాళ్ళది గోండీ, హల్బీ, తెలుగు. నాకు చదువు రాదు గాని, నాలుగు భాషల్లో “నొప్పి ఎక్కడ?” అని అడగడం వచ్చు. అందుకని డాక్టరు పక్కన నన్ను నిలబెట్టేవారు.

వానాకాలం వస్తే మా ప్రాణాలు ఉండేవి కావు. కొండ మీంచి ఎర్రనీళ్ళు దిగేవి. ఎంత ఉతికినా దుప్పట్లు తెల్లగా అయ్యేవి కావు. జ్వరాల వరస వరండా దాటి మెట్ల మీదికి పోయేది. అందులో జ్వరంతో ఫిట్స్‌ వచ్చిన పసివాళ్ళు ఉండేవాళ్ళు. మా ఊళ్ళో బాలపాప చిన్నెలు అనేవారు దాన్ని. ప్రతి తల్లీ ఒకటే అడిగేది, “నా బిడ్డ పోతాడా?” అని. ప్రతి తల్లికీ నేను “భయపడకండి” అని ఒకే జవాబు చెప్పేదాన్ని. చెప్పి చెప్పి, ఇంటికెళ్ళాక మా ఆయన పలకరించినా నోరు విప్పబుద్ధి అయ్యేది కాదు.

అలాంటి ఒక మధ్యాహ్నం కొండ మీద సైరన్‌ మోగింది. పేలుడు పెట్టేముందు మోగిస్తారు దాన్ని. సైరన్‌ ఆగి, పేలుడుకి కిటికీ అద్దాలు గలగలమన్నాయో లేదో, వరస తోసుకుంటూ ఒక కుటుంబం లోపలికి వచ్చింది. ముందు సమ్మక్క, చంకలో రెండేళ్ళ కొడుకు రాములు. వెనక దాని మొగుడు ముత్తయ్య, అత్త లచ్చవ్వ. భోపాల్‌పట్నం దగ్గరి పల్లె వాళ్ళది. ముత్తయ్య కొండ మీద రాయి జల్లెడ పట్టే చోట కూలి, కాలనీ పక్కనే గుడిసె వేసుకుని ఉండేవాళ్ళు. పిల్లాడి నోటి నిండా నెత్తురు.

“ఫిట్స్‌ వచ్చినయి ఆయమ్మా! నెత్తురు కక్కిండు!” అని ఏడ్చింది సమ్మక్క.

“ఇది రోగం గాదు. గాలి సోకుడు,” అంది లచ్చవ్వ వెనక నుంచి. “నెత్తురు కక్కిచ్చినంక ఇంక డాక్టర్లేంది? వాత పెట్టాలె. నేను పొద్దుగాలనే కొడవలి పొయ్యిల పెడుతనంటే ఇనలే వీళ్ళు.”

వాత అంటే తెలుసు కదా. కొడవలి మొన ఎర్రగా కాల్చి, పసివాడి కడుపు మీదో నుదుటి మీదో అంటించడం. అలా అంటించిన పిల్లల్ని చాలామందిని చూశాను. జ్వరం జ్వరంగానే ఉండేది, పైగా కాలిన పుండొకటి.

ఫిట్స్‌ దారిలోనే ఆగిపోయాయి. ఒళ్ళు మాత్రం కాలిపోతోంది. డాక్టరు గారు చెవిలో లైటు వేసి చూశారు, లోపల చీము. స్లైడ్‌ తీయించారు. వేలి కొసన గుచ్చి, గాజుపలక మీద నెత్తుటి చుక్క రాసి, మలేరియా ఉందేమోనని మైక్రోస్కోపు కింద చూడటమే స్లైడ్‌. మలేరియా లేదు, జ్వరం చెవిలో చీము వల్లే. ఆ తర్వాత నోరు తెరిపించి చూశారు. చిగురు చీరుకుపోయి ఉంది, ముందుపన్ను ఒకటి ఊగుతోంది.

“ఇది ఎలా అయింది?” అని ఆయన హిందీలో అడిగితే నేను తెలుగులో అడిగాను.

సమ్మక్క రొండిన దోపుకున్న చెంచా తీసి చూపింది. “నాలుక కొరుక్కుంటడని నోట్ల పెట్టిన. పోయినసారి వచ్చినప్పటి సంది రొండినే పెట్టుకొని తిరుగుతున్న.”

“చెంచా జారితె నేను వేలు పెట్టిన,” అంటూ ముత్తయ్య గుడ్డ చుట్టిన వేలు చాపాడు. “ఇగో, సూడుండ్రి. ఎట్ల కొరికిండో!”

డాక్టరు గారు కళ్ళజోడు తీసి మొహం తుడుచుకున్నారు. పొద్దున్నుంచి కూర్చోలేదు ఆయన. పిల్లాడి నోరు కడిగించి, చెవికి మందు వేయించి, తండ్రి వేలికి కట్టు కట్టించి, నెమ్మదిగా చెప్పారు. చిన్నపిల్లలకి జ్వరం వచ్చినప్పుడు ఇలా కొట్టుకోవడం ఉంటుంది, ఫెబ్రైల్‌ సీజర్‌ అంటారు. చూడటానికి ప్రాణం పోతున్నట్టుంటుంది గాని చాలావరకు దానంతటదే ఆగిపోతుంది, పెద్దయ్యాక రాదు. పిల్లాణ్ణి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, బట్టలు వదులు చేయాలి. గట్టిగా అదిమిపట్టకూడదు. నోట్లో ఏదీ పెట్టకూడదు, నీళ్ళు కూడా. ఆగిన వెంటనే, ఆగకపోతే ఇంకా తొందరగా, ఇక్కడికి తేవాలి.

నేను మాట మాటా తెలుగులో చెప్పాను. సమ్మక్క మొహం పాలిపోయింది.

“అయితే ఆ నెత్తురు… నా చెంచాదేనా?”

“అవునమ్మా. ఆడేటీ కక్కలేదు. నువ్వు మంచికే పెట్టావు, తెలీక పెట్టావు.”

లచ్చవ్వ ఊరుకోలేదు. చీర కాస్త పక్కకి జరిపి బొడ్డు పక్కన మచ్చ చూపించింది. రూపాయి బిళ్ళంత, నల్లగా, మెరుస్తూ.

“సూడు ఆయమ్మా. నాకు చిన్నప్పుడు గిట్లనే ఫిట్స్‌. మా నాయన వాత పెట్టిండు. నేను బతికిన. నా కడుపున పుట్టినోళ్ళల్ల ఇద్దరికి జ్వరమొచ్చి ఫిట్స్‌ వచ్చినయి. నాకు మనసొప్పక వాత పెట్టనియ్యలే. ఇద్దరు పోయిన్రు. ఇప్పుడు నువ్వు నాకేం చెప్తవ్‌?”

ఆవిడ మూర్ఖంగా మాట్లాడలేదు. తన కళ్ళతో చూసిందే చెప్పింది. డాక్టరు గారికి అదంతా హిందీలో వినిపించాను.

సమ్మక్క తల వంచుకుని, “చెప్పిందంత తెలిసింది ఆయమ్మా,” అంది. “కాని వాడు కొట్టుకుంటుంటే నా చేతులు ఊకుండయి. మళ్ళ నోట్లకే పోతయి. నా సంగతి నాకెరుక.”

ఆ మాట విన్నాక నాకు ఒకటి తట్టింది. ఇన్నేళ్ళు ‘అది చెయ్యకండి, ఇది చెయ్యకండి’ అని చెబుతూ వచ్చాను. ఆ సమయంలో తల్లి చేతులు ఏం చేయాలో ఎవరికీ చెప్పలేదు.

పిల్లాణ్ణి సర్దుతుంటే తలకింద గుడ్డమూటలో ఏదో నా చేతికి గట్టిగా తగిలింది. విప్పితే పిడికెడు ఇనుపరాయి. సోకు తగలకుండా లచ్చవ్వే కొండ మీంచి కొడుకు చేత తెప్పించి పెట్టిందట. మనవైపు ఫిట్స్‌ వచ్చినవాళ్ళ చేతిలో తాళంచెవి పెడతారు కదా, అలాగే. ఆ రాయి తీసి సమ్మక్క రెండు చేతుల్లో పెట్టాను.

“ఇదిగో, ఈసారి ఫిట్స్‌ వస్తే ఆడిని పక్కకి తిప్పి పడుకోబెట్టు. ఆ తరవాత ఇది రెండు చేతుల్తో పట్టుకుని ఆడి పక్కనే కూకో. ఆగేదాకా చెయ్యి విప్పకు. అవ్వా, నీకు ఇనుమే కదా కావాలి? ఈ ఒక్కసారికి సల్లటి ఇనుము పెట్టి సూడు. అప్పటికీ ఆగకపోతే పొయ్యి దగ్గరికి కాదు, మా దగ్గరికి తీసుకురండి.”

“సల్ల ఇనుముతోటి ఏమైతది? వేడి లేంది సోకు కదుల్తదా?” అని గొణిగింది లచ్చవ్వ. డాక్టరు గారు నన్నూ రాయినీ చూసి, “ముఁహ్‌ మే కుఛ్‌ నహీ, బస్‌,” అన్నారు. నోట్లో ఏమీ పెట్టకపోతే చాలని. చెంచా మాత్రం నేనే తీసేసుకున్నాను.

కొన్ని వారాలు గడిచాయి. ఒక సంత రోజు పొద్దున్నే గేటు దగ్గర అరుపులు వినిపించాయి. చూస్తే లచ్చవ్వ. ఆ వయసులో మనవణ్ణి భుజాన వేసుకుని, బురదలో రొప్పుకుంటూ వస్తోంది. ఆవిడ వెనక సమ్మక్క, రెండు చేతులూ గుండెలకి అదుముకుని. చేతుల్లో రాయి. విప్పమంటే వేళ్ళు రావు. నేనే ఒక్కో వేలూ విప్పాను. అరచేతుల్లో రాయి అంచులు దిగి ఎర్రగా గుర్తులు పడ్డాయి.

“పొయ్యిల కొడవలి పెట్టిన ఆయమ్మా, అబద్ధమెందుకు,” అంది లచ్చవ్వ ఆయాసపడుతూ. “గని ఇది పోరనికి నాకు నడుమ అడ్డం కూసున్నది. రాయి పట్టుకొని గుడ్లురిమి చూస్తాంది. దగ్గరికి పోతె నా నెత్తిన ఏస్తదేమో అనుకున్న. అంతల వీడు కొట్టుకునుడు ఆగి కేరుమన్నడు. ఎత్తుకొని ఉరికొచ్చిన. అయ్యో, కొడవలి ఇంక పొయ్యిలనే ఉన్నది. ఇల్లు అంటుకుంటదో ఏందో!”

వార్డుబాయ్‌ని పంపి పొయ్యి ఆర్పించాం. రాములు నోరు శుభ్రంగా ఉంది. కాని పిల్లాడు మత్తుగా ఉన్నాడు, కళ్ళు సరిగ్గా తెరవడం లేదు. డాక్టరు గారు మళ్ళీ స్లైడ్‌ తీయించారు. ఈసారి మలేరియా ఉంది. అదీ చెడ్డ రకం, తలకెక్కేది. వెంటనే క్వినైన్‌ సెలైన్‌లో కలిపి ఎక్కించారు. “ఇంటి దగ్గర వాత పెట్టుకుని సాయంత్రం దాకా చూస్తూ కూర్చుంటే నేనేమీ చేయగలిగేవాణ్ణి కాదు,” అన్నారు ఆయన.

పిల్లాడు కోలుకునేదాకా సమ్మక్క మంచం కాలు పట్టుకునే కూర్చుంది. వాడు కళ్ళు తెరిచి బువ్వ అడిగిన పొద్దున మాత్రం కూర్చున్నచోటే నిద్రపోయింది. మేం లేపలేదు.

వరండాలో లచ్చవ్వ ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన కూలబడ్డాను, నాకూ నడుం విరిగిపోతోంది.

“ఆయమ్మా, నా ఇద్దరు పిల్లలు ఫిట్స్‌తోని పోలేదా? జ్వరంతోనా పోయింది?”

“నాకు తెలీదవ్వా. అయ్యుండొచ్చు.”

చీర మీంచే బొడ్డు పక్కన మచ్చని తడుముకుంది. “అయితే మా నాయన నాకిది ఉత్తగనే పెట్టిండా?”

లోపలికెళ్ళి రెండు గ్లాసుల టీ తెచ్చాను. కొండ మీద సైరన్‌ మోగింది. ఇద్దరం తాగాం.

ఆ రాయి వల్ల ఫిట్స్‌ ఆగలేదు, ఆ రోజూ ఆగలేదు, ఏ రోజూ ఆగవు. ఫిట్స్‌ వాటంతటవే ఆగాయి. రాయి ఆపింది తల్లి చేతుల్ని. ఆ తర్వాత నేను ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ, భయపడకండి అని ఏ తల్లికీ చెప్పలేదు. చెబితే పోయే భయం కాదది. పిల్లాణ్ణి ఎలా తిప్పాలో చూపించి, చేతుల్లో పట్టుకోవడానికి ఏదో ఒకటి ఇచ్చి, “ఫిట్స్‌ ఆగాక జ్వరం సంగతి మర్చిపోకు, అసలు దొంగ అదే” అనేదాన్ని.

ఇంక లేవండి, పొద్దుపోతోంది. మీ పసివాళ్ళ ఒళ్ళు చల్లగా ఉండాలి, మీ పొయ్యిలో నిప్పు అన్నానికే వెలగాలి, మీ ఇంట తల్లులకి కంటినిండా నిద్ర ఉండాలి.