డ్రైవరు లేని జీపులు

బెంగాల్‌లోని గార్డెన్ రీచ్‌లో మా పక్కింటి మావయ్య మిలిటరీ జీపులకు చిన్న నమూనాలు చేసేవాడు. అంబులెన్సు జీపు, వైర్‌లెస్ జీపు, తుపాకి బిగించిన జీపు, ఇలా ఎన్ని రకాలు చేసినా దేనిలోనూ డ్రైవరు బొమ్మ పెట్టేవాడు కాదు. ఆయన కొడుకు మిలిటరీలో జీపు నడుపుతూ లోయలో పడి చనిపోయాడు. తప్పు డ్రైవరుదేనని పైవాళ్ళు తేల్చేశారు.

ఆమధ్య న్యూ టౌన్‌లో నమూనాల ప్రదర్శన పెడితే నేనూ ఆయనతో వెళ్ళాను. నిర్వాహకుడు మావయ్య జీపులో యూనిఫారం వేసిన బొమ్మనొకదాన్ని అతికించి, "ఇప్పుడు బాగుంది, దాదా" అన్నాడు బెంగాలీలో.

మావయ్య బొమ్మను గోటితో ఊడదీశాడు. ఎన్నడూ బెంగాలీ తడబడని మనిషి, తెలుగులోనే అన్నాడు: "బ్రేకులు పడ్డం నేదని ఆడు ముందే సెప్పినాడు. అయినా ఎక్కించీసినారు. నువ్వూ ఎక్కించీసినావేటి?"

నిర్వాహకుడికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. మేం గుమ్మం దాటకముందే బొమ్మను మళ్ళీ సీట్లో అతికించాడు.