లామినేషన్ చేయించిన షేరు

పిలిచి మరీ డబ్బులిస్తామంటే తీసుకోలేకపోయిన మనిషిని ఎప్పుడైనా చూశారా? చూడకపోతే మా ఆళ్లగడ్డ రండి, టీ కూడా ఇప్పిస్తాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా అమ్మాయి లత తిరుపతిలో హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదివేది. ఫోన్ చేసిన ప్రతిసారీ ముందు "బాగుండాను నాయనా" అనేది, తర్వాత ఏడ్చేది. అక్కడే చిన్న పోర్షన్ అద్దెకు తీసుకుని వాళ్లమ్మను పిల్ల దగ్గర ఉంచుదామనుకున్నాం. అడ్వాన్సుకే డబ్బు లేదు.

సరిగ్గా అప్పుడే, నేనెప్పుడో షేర్లు కొన్న కంపెనీ బైబ్యాక్ ప్రకటించింది! మన షేర్లు వాళ్లే వెనక్కి కొంటారట, అదీ మార్కెట్ రేటు కంటే ఎక్కువకు. సంతోషం పట్టలేక లతకు చెప్పేశాను, "దసరాకల్లా అమ్మ నీ దగ్గరే ఉంటాది తల్లీ" అని.

ఆ వెంటనే నా అనుమానాలు మొదలయ్యాయి. నంద్యాలలో షేర్ల బ్రోకరు దగ్గరికి పోయాను.

"ఎక్కువ ఎందుకిస్తాండారప్పా? లోపల ఏమన్నా లొసుగుందా?"

"వాళ్ల దగ్గర దుడ్లు ఊరికే పడుండాయన్నా. కొన్ని షేర్లు కొని రద్దు చేస్తే, మిగిలినోళ్ల వాటా పెరుగుతాది."

"అంటే మనకు రావాల్సిన లాభంతోనే మనల్ని బయటికి పంపుతాండారు! ఇది న్యాయమేనా?"

"అన్నా, నువ్వు షేర్లు అమ్ముతాండావా, పిల్లకు సంబంధం చూస్తాండావా? గడువు దగ్గర పడింది, సర్టిఫికెట్ తొందరగా తీసుకురా. చినిగింది తెచ్చేవు, తిప్పి పంపుతారు."

ఆ చివరి మాట నా బుర్రలో పడింది. ఇంటికొచ్చి చూస్తే సర్టిఫికెట్ మడతల దగ్గర పగుళ్లిచ్చింది. మర్నాడు నంద్యాలలో బస్సు దిగితే ఎదురుగా జిరాక్సు షాపు, 'లామినేషన్ చేయబడును' అని బోర్డు. అబ్బ, ఎంత తెలివైన ఆలోచనో! రెండువైపులా చేయించాను. అద్దంలా మెరిసింది. తీసుకెళ్లి బ్రోకరు ముందు గర్వంగా పెట్టాను.

అతను దాన్ని చూశాడు. వెనక్కి తిప్పాడు. నన్ను చూశాడు.

"అన్నా, షేరు చేతులు మారితే దీని వెనకాల రాసి ముద్ర కొట్టాల. యాడ కొడతారు, ప్లాస్టిక్ మిందనా?"

ఇంటికి తెచ్చి, ఇస్త్రీపెట్టెతో వేడిచేసి ప్లాస్టిక్ లాగాం. ఊడింది. దాంతోపాటు నా పేరూ ఊడింది!

"ఏమప్పా, పటం కట్టించి గోడకు తగిలించినా బాగుండు గదా" అంది నా భార్య. అని, పక్క గదిలోకి పోయి తలుపేసుకుంది.

పాడైనదాని బదులు కొత్తది ఇమ్మని కంపెనీకి రాశాను. వచ్చింది, మడతైనా లేకుండా. అప్పటికి బైబ్యాక్ ముగిసింది, రేటూ పడిపోయింది, అమ్మినా అడ్వాన్సుకు చాలదు. ఆ అన్ని రోజులూ లతకు ఫోన్లో "వస్తాంది, అమ్మ వస్తాంది" అంటూ నెట్టుకొచ్చాను.

ఇక దాచలేక, దసరాకు ముందు ఆదివారం తిరుపతి పోయాను. లత పెట్టె సర్దుకుని కూర్చుంది. హాస్టల్ ఖాళీ చేస్తాం కదా అని బకెట్టూ మగ్గూ పక్క మంచం పిల్లకు ఇచ్చేసిందట. జరిగిందంతా చెప్పాను. నవ్వుతుందేమోనని ఇస్త్రీపెట్టె సంగతి కాస్త పెంచి మరీ చెప్పాను. నవ్వలేదు. ఏడ్చినా బాగుండేది, ఏడవలేదు. పెట్టె తెరిచి, బట్టలు ఒక్కొక్కటే తీసి మళ్లీ అరలో పెట్టుకుంది.

ఖాళీ పెట్టె మూసి అడిగింది: "అయితే మనమింకా ఆ కంపెనీకి ఓనర్లమే గదా నాయనా?"

"ఓనర్లమే తల్లీ."

ఆ ఓనరుగారు బజారుకు పోయి, రూపాయి రూపాయికీ బేరమాడి, ఒక ఎర్ర బకెట్టూ మగ్గూ కొన్నారు. లోపలికి పోయి ఇచ్చే మొహం లేక, హాస్టల్ వాచ్‌మన్ చేతికిచ్చి బస్సెక్కారు.