మల్లయ్య మోకాలి కోసం ఉపవాసం

ఆ రోజుల్లో అంటే మరీ తాతల కాలమేమీ కాదు. చేతుల్లోకి ఫోన్లు వచ్చేశాయి గానీ, వాటిలో బొమ్మలు చూస్తే బాలెన్సు అయిపోతుందని భయపడే కాలం. అందుచేత ఇంటికి ఒకటే టీవీ, ఒకటే రిమోటు, ఆ రిమోటు ఎవరి చేతిలో ఉంటే రాజ్యం వాళ్ళది. బొబ్బిలిలో మా ఇంట్లో ఆ రాజ్యాన్ని మా మామ్మ, అంటే నాన్నను కన్న తల్లి, ఏలేది. నేనేమో అప్పుడే బీఎడ్డు గట్టెక్కి, ఓ ప్రైవేటు బడిలో రెండో తరగతి పిల్లలకి టీచరమ్మనై, వీధిలో కాస్త తలెత్తుకుని నడుస్తున్నాను (జీతం సంగతి అడక్కండి, మర్యాద గురించే మాట్లాడుకుందాం). ఆ మర్యాదంతా సాయంత్రం ఎనిమిదింటి వరకే. ఎనిమిదింటికి ‘మాజీ మల్లయ్య’ వచ్చేవాడు.

బుద్ధున్నవాళ్ళు చూడాల్సిన సీరియల్ కాదది. మల్లయ్య ఒకప్పుడు కబడ్డీలో పేరు మోసిన ఆటగాడు. ఇప్పుడు బొజ్జ, అప్పులు, రెండు సైజులు తక్కువైన నిక్కరు, ఇవీ ఆయన ఆస్తిపాస్తులు. ఆ నిక్కరు రోజూ ఎక్కడో ఒకచోట పర్రున చిరగాల్సిందే. కూతకని వంగితే నోటి కూత కంటే ముందు వెనకవైపు కూత వినబడేది (క్షమించాలి, అందులో హాస్యం స్థాయి అదే, నేను తగ్గించి చెబుతున్నాను). కల్లు తాగి పక్కింటివాళ్ళ మేకని ఎదుటి జట్టు మనిషనుకుని నడుం పట్టేసేవాడు. పెళ్ళాం చీపురు తిరగేసేది. ఏ వెధవ పనికి బయల్దేరినా, ‘ఓ కూతకెళ్ళొస్తానే’ అనేవాడు. నేను ఒళ్ళో పిల్లల పరీక్ష పేపర్లు పెట్టుకుని దిద్దుతున్నట్టు నటిస్తూ, పంటిబిగువున నవ్వాపుకునేదాన్ని. ఒకసారి ఆగలేక ఓ పిల్లాడి లెక్కల పేపరు మీద ఈ చివర నుంచి ఆ చివరకి ఎర్రగీత లాగేస్తే, మర్నాడు వాళ్ళ నాన్న బడికొచ్చి మావాడు చేసిన తప్పేమిటని నిలదీశాడు.

అంత చదువుకున్నదానివి, అదేం పోయేకాలం అని మీరు అడగొచ్చు. నన్ను నేనూ అడిగి చూసుకున్నాను. రోజంతా బడిలో చీర కుచ్చిళ్ళు చెదరకుండా, నోటంట తప్పు మాట దొర్లకుండా, హెడ్మిస్ట్రెస్ చూస్తోందేమోనని వీపుకి కళ్ళు పెట్టుకుని బతికిన మనిషికి, సాయంత్రం ఇంకో మనిషి సిగ్గూ ఎగ్గూ లేకుండా బురదలో పడుతుంటే ప్రాణం లేచొచ్చేది. పడ్డవాడు పడ్డట్టు ఉండేవాడు కాదు, లేచి నిక్కరు దులుపుకుని తన పాత పతకాల గురించి ఆ మేకకే ఉపన్యాసం ఇచ్చేవాడు. ఓడిపోయి కూడా అంత ధీమాగా ఉండొచ్చని అప్పటిదాకా నాకు తెలీదు.

మామ్మ మాత్రం నాలా దొంగచూపులు చూసేది కాదు. కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చునేది. మాది ముత్తాతల నాడే మిషను గుడిలో బాప్తిస్మం తీసుకున్న కుటుంబం. రోజూ ఏడున్నరకి ఇంటిల్లిపాదీ కుటుంబ ప్రార్థనకి కూర్చోవాల్సిందే. మామ్మ ప్రార్థన మొదలుపెడితే దేశాధినేతలు, వానలు, పంటలు, చుట్టాల్లో పేరు పేరునా అందరూ అయ్యాక గానీ ఆమెన్ వచ్చేది కాదు, ఈలోగా మా నాన్న ఒక కునుకు తీసి లేచేవాడు. మల్లయ్య వచ్చాక ఏమైందో గానీ, దేశాధినేతలందరినీ కలిపి ఒక్క మాటలో ప్రభువు చేతిలో పెట్టేసి, ఎనిమిదికి కాస్త ముందే ఆమెన్ అనేసేది. అమ్మ ఇదంతా దేవుడి కృప అనుకుంది.

అయితే మా ఇంట్లో ఈ సీరియల్‌కి ఒక పెద్ద గండం ఉండేది. అది మా చిన్నాన్న. చిన్నాన్న కూడా ఒకప్పుడు కబడ్డీ ఆటగాడే, జిల్లా జట్టులో కూతకెళ్తే పట్టినవాడు లేడు. ఆటల కోటాలో ఉద్యోగం వస్తుంది, వస్తుంది అని అందరూ అంటుండగానే మోకాలు పోయింది, ఉద్యోగమూ పోయింది. సాలూరులో ఒక లారీ ఆఫీసులో కూర్చునేవాడు. పొద్దున్నే బస్సెక్కి, చీకటి పడ్డాక కుంటుకుంటూ దిగేవాడు, దిగేటప్పుడు తరచు కాస్త వాసన వేసేవాడు. గుడికి రావడం మానేసి ఏళ్ళయింది. అలాంటి మనిషి ముందు బొజ్జేసుకుని తాగి పడే కబడ్డీవాణ్ణి చూపించి ఎలా నవ్వుతాం? అందుకని ఆయన చెప్పుల చప్పుడు గుమ్మంలో వినబడగానే నేను చటుక్కున వ్యవసాయ కార్యక్రమానికి మార్చేసేదాన్ని. సెంటు భూమి లేని ఇంట్లో మామ్మా, నేనూ వరిలో సుడిదోమ నివారణ గురించి కళ్ళార్పకుండా వినేవాళ్ళం. చిన్నాన్న ఒకటి రెండుసార్లు మా వైపు జాలిగా చూసి తన గదిలోకి వెళ్ళిపోయాడు.

ఆ యేడు విజయనగరంలో ఎముకల డాక్టరు చిన్నాన్నకి గట్టిగా చెప్పేశాడు, మోకాలికి ఆపరేషన్ చేయించుకోకపోతే ఇంకొన్నాళ్ళకి కర్ర లేకుండా అడుగు పడదని. చిన్నాన్న వద్దన్నాడు. నాన్న బతిమాలాడు, అమ్మ ఏడ్చింది. ‘నానెక్కడికి నడిసెల్లాల, ఎవుడి కోసం నడిసెల్లాల’ అని ఒక్కటే మాట. మామ్మ ఒకసారి అడిగితే వారం రోజులు ఆవిడతో మాట్లాడ్డం మానేశాడు. ఆ తర్వాత మామ్మ ఇంక అడగలేదు. ఆ ఊసే ఎత్తలేదు. ముసలావిడకి మనసు రాయైపోయిందేమో అనుకున్నాను నేను (నాకు అప్పట్లో మనుషుల మనసుల గురించి చాలా తెలుసుననే నమ్మకం ఉండేది).

బుధవారాలు గుడిలో స్త్రీల సమాజం జరిగేది. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి తమ ప్రార్థన మనవి చెబుతారు, దాని కోసం ఇంకొకరు ప్రార్థిస్తారు. మామ్మని దింపడానికి వెళ్ళి నేనూ ఆ వెనక కూర్చునేదాన్ని. ఆ బుధవారం మామ్మ లేచి, కొంగు సర్దుకుని, ‘మల్లయ్య అని ఒకడున్నాడమ్మా, మోకాలు పోయింది, తాగుతన్నాడు, ఆపరేసన్ సేయించుకోమంటే ఇనడు, ఆడి కోసం పార్దన సెయ్యండి’ అని చెప్పి కూర్చుంది. అంతకు ముందు రాత్రే సీరియల్లో మల్లయ్య మేక వెంట పరిగెత్తి మోకాలు విరగ్గొట్టుకున్నాడు. మామ్మకి మతి పోయింది, టీవీలో మనిషిని నిజం మనిషనుకుంటోంది. నాకు నవ్వు, భయం కలిసి వచ్చాయి.

అక్కడున్న ఆడవాళ్ళలో ఎవరైనా, ‘అదేంటమ్మా, వాడు టీవీలోవాడు కదా’ అంటారని చూశాను. ఎవరూ అనలేదు. తలలు వంచుకున్నారు, ఒకరిద్దరు దగ్గారు. తర్వాత గానీ నా బుర్రకి తట్టలేదు. మొన్న మొన్ననే పాస్టరుగారు ఇలాంటి రోత కార్యక్రమాలు విశ్వాసుల ఇళ్ళలో వినబడకూడదని గట్టిగా ప్రసంగం చేశారు. మల్లయ్య ఫలానా అని చెబితే, చూస్తున్నానని ఒప్పుకున్నట్టే. ఆ హాలు మొత్తం మీద మల్లయ్య ఎవరో నిజంగా తెలియనిది ఒక్క బత్తాయిల అత్తయ్యకే. ఆవిడ టెక్కలి నుంచి కూతురింటికి కొత్తగా వచ్చి, వచ్చీ రాగానే సమాజానికి పెద్దయింది. ఎవరికి తుమ్మొచ్చినా సంచీడు బత్తాయిలు పట్టుకుని పరామర్శకి వెళ్ళే మనిషి గనక ఆ పేరొచ్చింది. ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుని మరీ ప్రార్థన చేసింది. అక్కడితో ఊరుకోక, శుక్రవారం మల్లయ్య కోసం అందరూ ఉపవాసం ఉండాలని ప్రకటించింది. ఉన్నారు, పాపం, నోరు మెదపలేక. ఇంటికొచ్చాక మామ్మని నిలదీశాను, మల్లయ్య టీవీలోవాడని తెలుసా లేదా అని. ‘టీవీలో ఉంటే మటుకు నొప్పి నొప్పి కాదేటే’ అంది. ఇంకేం చెప్పను? మతి పోయినట్టే అని తేల్చేసుకున్నాను.

శనివారం సాయంత్రం కరెంటు పోయింది. నేను వాకిట్లో కూర్చునుంటే వీధి మలుపులో ఫోన్ల వెలుతురు కనిపించింది. ముందు బత్తాయిల సంచీతో అత్తయ్య, వెనక పాస్టరుగారు, పాస్టరమ్మగారు, ఇంకో నలుగురు ఆడవాళ్ళు. మనవి చెప్పింది మామ్మ గనక మల్లయ్య మా ఇంటివాడేనని అత్తయ్య తేల్చేసుకుని, చూసి పోదామని అందర్నీ వెంటేసుకొచ్చిందట. నేను లేచి ఏదో అబద్ధం వెతుక్కునేలోగానే, అలికిడికి చిన్నాన్న గడప దాటి బయటికొచ్చాడు, లుంగీ, మాసిన గడ్డం, కుంటి నడక. ఆ రోజు సాలూరు వెళ్ళలేదు, మోకాలు వాచిపోయి. అత్తయ్య ఆయన్ని చూసిందే తడవు, ‘నాయినా మల్లయ్యా’ అంటూ చెయ్యి పట్టుకుని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టేసింది. మిగిలినవాళ్ళందరికీ చిన్నాన్న ఎవరో తెలుసు, అయినా కిక్కురుమనలేదు. తన పేరు మల్లయ్య కాదండీ అని చిన్నాన్న నసిగాడు. దేవుడి దగ్గర పేరుతో పనేమిటి నాయనా అని ఆవిడ ఆయన మోకాలి మీద చెయ్యేసి కళ్ళు మూసుకుంది. మామ్మ ఒక మూల నిలబడి తలమీద కొంగు కప్పుకుంది. చీకట్లో అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను తప్ప.

ప్రార్థన మంచి పాకాన పడుతుండగా కరెంటొచ్చింది. దానితోపాటు, పోయినప్పుడు ఎవరూ ఆపని టీవీ కూడా గొంతు చించుకుంటూ వచ్చింది. సరిగ్గా ఎనిమిది. ‘మాజీ మల్లయ్యా’ అని పాట, వెంటనే నిక్కరు చిరిగిన చప్పుడు. మల్లయ్య మోకాలికి కట్టుతో, వెనకంతా తెరుచుకున్న ఆస్పత్రి చొక్కాతో, సెలైన్ స్టాండు భుజానేసుకుని వీధిలో కుంటుతూ పరిగెడుతున్నాడు. నర్సులు వెంటపడుతున్నారు. అందరూ కళ్ళు తెరిచారు. నాకు రిమోటు ఎక్కడుందో కూడా కనబడలేదు. అప్పుడు పాస్టరమ్మగారు, తనకి తెలియకుండానే, ‘అయితే దొరికేడు కాదన్నమాట, నిన్న కిటికీలోంచి దూకేసేడు గదా’ అనేశారు. అని, నోటికి కొంగడ్డం పెట్టుకున్నారు. పాస్టరుగారు భార్య వంక చూసి, ఆ తర్వాత గోడ వైపు తిరిగిపోయారు. ఆయన భుజాలు మాత్రం ఊగుతున్నాయి.

బత్తాయిల అత్తయ్య టీవీని, చిన్నాన్నని, మామ్మని మార్చి మార్చి చూసింది. నిన్నంతా మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉన్నది వీడి కోసమా అని అడిగింది. కోపం కంటే బాధే ఎక్కువుంది ఆవిడ గొంతులో. నేను మామ్మకి మతి స్థిమితం లేదని చెప్పబోతున్నాను. ఈలోగా మామ్మే మూల నుంచి ముందుకొచ్చింది.

‘తప్పేనమ్మా, సెమించండి. నా కొడుకు పేరు సెప్పి అడగటానికి నాకు నోరు రాలేదు. ఆడి పేరెత్తితే అందరూ తాగుబోతని సూస్తారు. మల్లయ్యంటే నవ్వుతూనైనా జాలిపడతారు. ఎవుడి మోకాలో దేవుడికి తెల్దేటి?’

చిన్నాన్న కళ్ళు టీవీ మీదే ఉన్నాయి. ఇన్నాళ్ళూ మేం ఆయన దగ్గర దాచిపెట్టినదంతా అక్కడ సెలైన్ స్టాండుతో పరిగెడుతోంది. ఇప్పుడు ఆ టీవీని నేలకేసి కొడతాడనుకున్నాను. ఆయన మామ్మ వైపు తిరిగి, ‘రోజూ ఇదేనా సూస్తన్నావు, నన్ను సూసి మార్చేసి?’ అన్నాడు.

మామ్మ అవునంది. ‘ఆడు పడితే నవ్వొస్తాదిరా. నువ్వు పడితే రాదు.’

నవ్వు మొదలైంది చిన్నాన్న దగ్గరే. ముందు ముక్కులోంచి వచ్చింది, తర్వాత ఒళ్ళంతా కదిలింది, ఆఖరికి కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. అది నవ్వో ఏడుపో నాకు ఇప్పటికీ తెలీదు, రెండూ అయ్యుంటాయి. దాంతో గోడకేసి తిరిగిన పాస్టరుగారికి కూడా ఇక ఆపుకోవడం చేతకాలేదు. అయిపోయేదాకా అందరం నిలబడే చూశాం. మల్లయ్య దొరికిపోయి ఆపరేషన్ గదిలోకి వెళ్ళాక, చిన్నాన్న నాన్నతో కాదు, డాక్టరు మాట తెచ్చిన ఎవరితోనూ కాదు, మామ్మతో అన్నాడు, ‘సోమారం ఇజీనారం ఎల్దుమే అమ్మా’ అని.

ఆపరేషనయింది. తాగుడు అంత తొందరగా మానలేదు, మానేశాడని రాస్తే కథ బావుంటుంది గానీ అబద్ధమవుతుంది. నడక మాత్రం బాగుపడింది, ఇప్పటికీ తన కాళ్ళ మీద తనే బజారుకెళ్ళొస్తాడు. వరిలో సుడిదోమకి మా ఇంట్లో ఆ రోజుతో నూకలు చెల్లాయి.

మామ్మ పోయి చాలాకాలమైంది. నాకూ పెళ్ళయి, అదే గుడికి వెళ్తున్నాను. పోయిన యేడు మా ఆయనా నేనూ మాటా మాటా అనుకుని, రోజుల తరబడి ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండిపోయాం. తప్పు ఎవరిదన్నది వదిలేద్దాం. ఆ బుధవారం సమాజంలో నేను లేచి నిలబడ్డాను. నోరు తెరిచాను, మా ఇద్దరి పేర్లూ బయటికి రాలేదు. ఆఖరికి, అప్పట్లో వస్తున్న ఒక సీరియల్లో కోడలి పేరు చెప్పి, ఆ అమ్మాయికీ భర్తకీ మాటల్లేవు, ప్రార్థించమని అడిగి, చటుక్కున కూర్చున్నాను. చెవులు కాలిపోతున్నాయి. బీఎడ్డు చదివిన పిల్లనని మామ్మ మతి గురించి తీర్పు చెప్పిన రోజు గుర్తొచ్చింది. బత్తాయిల అత్తయ్యకి ఇప్పుడు చూపు సరిగా ఆనదు, నడుం వంగిపోయింది. పక్కకొచ్చి కూర్చుని, నా చెయ్యి తన చేతిలోకి తీసుకుని, ఎవరికీ వినబడకుండా, ‘ఏ సానెల్లో వస్తాదమ్మా ఆ సీరియలు?’ అని అడిగింది. నేను చెప్పాను. ఆవిడ కళ్ళు మూసుకుని, ఆ కోడలి పేరుతోనే, అక్షరం మార్చకుండా, నా కోసం ప్రార్థన చేసింది.