కళ్లు మూసుకుని దిద్దే మాస్టారు

మా తెలుగు మాస్టారు వ్యాసాలు కళ్లు మూసుకుని దిద్దేవారు. మేం పైకి చదవాలి, ఆయన వినాలి. ఎక్కడ కళ్లు తెరిస్తే అక్కడ వాక్యం బాగోలేదని అర్థం. దాన్ని మళ్లీ రాసుకోవాల్సిందే.

నా తొమ్మిదో తరగతిలో రాజమండ్రిలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం గోదావరి. ఇంటి దగ్గర రాసిన వ్యాసం ఆ రోజు మధ్యాహ్నంలోగా అక్కడ ఇచ్చేయాలి. నిడదవోలులో రైలెక్కగానే మాస్టారు, గోదారమ్మకు వేయడానికి ఎప్పటిలాగే రూపాయి గుప్పిట్లో పట్టుకుని, "ఆఖరిసారి చదవమ్మా" అని కళ్లు మూసుకున్నారు.

మొదటి పేజీలోనే రెండుసార్లు తెరిచారు. కాగితాలు ఒళ్లో పెట్టుకుని అక్కడికక్కడే దిద్దాను.

"ఊఁ, మళ్లీ మొదట్నుంచి!"

ఈసారి సగంలో ఉండగా రైలు వంతెన ఎక్కింది. ఆ చప్పుడులో వినపడదేమోనని గొంతు చించుకుని చదివాను. పెట్టెలో జనమంతా కిటికీల దగ్గర చేరి, నదిలోకి డబ్బులు విసిరి దణ్ణాలు పెడుతున్నారు. మాస్టారి కళ్లు మాత్రం తెరుచుకోలేదు.

ఆఖరి వాక్యం అయ్యాక తెరిచారు. కిటికీలోంచి చూసి కంగారుపడిపోయారు.

"అదేంటమ్మా, గోదారి దాటేశామా?"

ఆయన గుప్పిట్లో ఇంకా అలాగే ఉన్న రూపాయి చూసి నేను ఎగిరి గంతేశాను.