థర్మల్ స్కోపు అతనికిచ్చారు

విమానం దిగేసరికి ఉదయం పదిన్నర. బయట చీకటి. మైనస్ ముప్పై ఎనిమిది. మొదటి శ్వాసకే ముక్కులోని వెంట్రుకలు గడ్డకట్టాయి. రెండో శ్వాసకు దగ్గు వచ్చింది.

కెనడా ఉత్తర కొసన, నునావుట్‌లో ఒక దీవి అది. జనవరిలో అక్కడ సూర్యుడు పైకి రాడు. పదకొండు నుంచి ఒంటిగంట దాకా దక్షిణం వైపు ఆకాశం కాస్త నీలంగా మారుతుంది. ఆ రెండు గంటలనే అక్కడివాళ్లు పగలు అంటారు.

మేం పద్దెనిమిది మందిమి. టొరంటో వైపు నుంచి వెళ్లిన రిజర్వ్ సైనికులం. అంటే మామూలు రోజుల్లో వేరే ఉద్యోగాలు చేసుకుంటూ, పిలిచినప్పుడు యూనిఫాం వేసుకునేవాళ్లం. నేను మిస్సిసాగాలో ఒక మందుల గోడౌన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌ని. ఖమ్మం నుంచి చదువుకోవడానికి వచ్చి, పీఆర్, అంటే శాశ్వత నివాస అనుమతి, రాగానే సైన్యంలో చేరాను. ఇప్పుడు వదిలేశాను. తెలుగువాళ్ల ఇళ్లలో కలిసినప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, "ఆర్కిటిక్‌లో ఎలా ఉంటుందండీ?" అని. చలిగా ఉంటుందని చెప్పి ఊరుకుంటాను. చెప్పని భాగం ఇది.

డ్యూటీ మూడు వారాలు. ఊరి నుంచి స్నోమొబైళ్ల మీద నలభై కిలోమీటర్లు వెళ్లి, గడ్డకట్టిన సరస్సు పక్కన క్యాంపు వేశాం. ఆరు గుడారాలు, ఒక జనరేటర్. అంత చలిలో మనుషులూ సామానూ ఎలా పనిచేస్తాయో పరీక్షించి రాసుకురావడం మా పని. దారి చూపడానికి అక్కడి ఆదివాసి, ఒక ఇన్యూట్ వేటగాడు మాతో ఉన్నాడు. అరవై దాటిన మనిషి. తక్కువ మాట్లాడేవాడు.

అది ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు. అందుకని క్యాంపుకు రెండు వైపులా మంచు దిమ్మలతో గోడలు కట్టి, రెండు కాపలా పోస్టులు పెట్టాం. ఒకటి ఉత్తరాన, ఒకటి తూర్పున. రెండింటి నుంచీ సరస్సు కనిపిస్తుంది. గంటకొకసారి మనుషులు మారతారు. పోస్టుకొక షాట్‌గన్, ఒక రేడియో, ఒక స్కోపు.

రెండు స్కోపులూ ఒకటి కావు. ఒకటి పాత నైట్ విజన్. చుక్కల వెలుగునో చంద్రుడి వెలుగునో పోగుచేసి, పెద్దది చేసి చూపిస్తుంది. అందులో లోకమంతా ఆకుపచ్చగా ఉంటుంది, కానీ ఏ వస్తువు ఆ వస్తువులాగే కనిపిస్తుంది. రెండోది కొత్త థర్మల్. దానికి వెలుగుతో పనిలేదు. వేడిని చూస్తుంది. చల్లటి నేల నల్లగా, వేడి ఒళ్లు తెల్లగా. కిలోమీటరు దూరాన కుందేలు ఉన్నా చుక్కలా మెరుస్తుంది.

థర్మల్ మొత్తం బృందానికి ఒక్కటే. దాని కోసం ముందుగానే పేరిచ్చాను. షూటింగ్‌లో నా స్కోరు అందరికన్నా ఎక్కువ. ఆరేళ్లుగా శరదృతువులో ఒంటారియో అడవులకు జింకల వేటకు వెళ్లేవాణ్ణి. అక్కడ జింకల్ని రాత్రిపూట వేటాడకూడదు కాబట్టి నైట్ స్కోపు కొనలేదు గానీ, వాటి గురించి నేను చదవనిది లేదు.

మా సార్జెంట్ దాన్ని ఒక కార్పొరల్‌కిచ్చాడు.

కార్పొరల్ కూడా తెలుగువాడే. కెనడాలోనే, బర్నబీలో పుట్టి పెరిగాడు. నాకన్నా రెండేళ్లు చిన్న, నాకన్నా ఏడాది ముందు కార్పొరల్ అయ్యాడు. ఇద్దరం ఒకే రోజు యూనిట్‌లో అడుగుపెట్టాం. అతను నవ్వితే గుడారంలో అందరూ నవ్వేవారు. నేను జోక్ వేస్తే "మళ్లీ చెప్పు" అనేవారు. నా ఇంగ్లీషు యాస వల్ల అది.

స్కోపు చేతికి రాగానే తిన్నగా నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, సీరియస్‌గా, ఇది మీకే రావాలి. నాకు బ్యాటరీ మార్చడం కూడా తెలీదు. నేర్పిస్తారా?"

నేర్పించాను. బ్యాటరీలు కోటు లోపల ఒంటికి ఆనించి ఉంచుకోవాలని, బయట పెడితే గంటలో చచ్చిపోతాయని, ఊపిరి లెన్స్‌కు తగిలితే మంచు పేరుకుంటుందని చెప్పాను. అతను బుద్ధిగా విన్నాడు. విన్నకొద్దీ నాకు మండింది. గర్వపడుతూ తీసుకుని ఉంటే తిట్టుకోవడం తేలికయ్యేది.

నాలుగో రోజు టీ తాగుతుండగా వేటగాడు కార్పొరల్‌ని అడిగాడు.

"ఈ ఏడాది నా రైఫిల్‌కి ఒక స్కోపు కొనాలి. చీకటి నెలల్లో కారిబూ వేటకి. ఏది కొనను?"

కారిబూ అంటే అక్కడి మంచుజింక. ఊళ్లో చాలామంది తినేది అదే.

"మా అన్నని అడగండి. ఆయనకి నాకన్నా చాలా ఎక్కువ తెలుసు" అన్నాడు కార్పొరల్.

నన్ను ముందు అడగలేదన్నది మనసులో పెట్టుకునే జవాబు చెప్పాను. "నైట్ విజన్ కొనండి. థర్మల్‌లో వేడి కనిపిస్తుంది గానీ జంతువు కనిపించదు. తల్లో పిల్లో తెలీదు. కొమ్ములు తెలీవు. మీరు దేన్ని కాలుస్తున్నారో మీకే తెలీదు."

చెప్పిందంతా నిజమే. కానీ అవి చెప్పింది ఆయన వేట కోసం కాదు.

"ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు. రెండూ చూస్తాను" అన్నాడు వేటగాడు.

మర్నాడు సార్జెంట్ అనుమతితో కార్పొరల్‌ని స్నోమొబైల్ మీద తీసుకెళ్లాడు. రెండు కారిబూలతో వచ్చారు. ఆ మర్నాడు నన్ను తీసుకెళ్లాడు. గాలి లేచింది. మంచు పొడి ఎగురుతుంటే వెలుగు చాలక, నా స్కోపుకున్న ఇన్‌ఫ్రారెడ్ దీపం వేశాను. ఎగిరే ప్రతి రేణువూ ఆ వెలుగును నా కంట్లోకే తిప్పికొట్టింది. ఆకుపచ్చ తెర తప్ప ఏమీ లేదు. నాలుగు గంటల తర్వాత ఖాళీ స్లెడ్ బండితో తిరిగొచ్చాం.

ఆ పూట అందరం కార్పొరల్ తెచ్చిన మాంసం వండుకున్నాం. రుచిగా ఉంది. అదీ నాకు నచ్చలేదు.

పన్నెండో రోజు. ఉదయం పదకొండు దాటింది. గాలి లేదు. మైనస్ నలభై ఒకటి. దక్షిణాన నీలం గీత పడింది. ఉత్తరం పోస్టులో కార్పొరల్, తూర్పు పోస్టులో నేను. వేటగాడు నా పక్కనే కూర్చుని స్లెడ్ తాడు ముడి విప్పుకుంటున్నాడు. మా మెడిక్, ఇంకొక సైనికుడు నీళ్ల కోసం సరస్సు మీద మంచు కొడుతున్నారు. నా పోస్టు నుంచి రెండు వందల మీటర్లు. మెడిక్‌ది హామిల్టన్ ఊరు, చిన్న వయసు అమ్మాయి. నర్సింగ్ చదువుతూ రిజర్వ్‌లో చేరింది. మొదటి వారంలో నా వేళ్లకు చలి కాటు తగిలితే గంటసేపు తన చేతుల మధ్య పెట్టుకుని కాపాడింది.

రేడియోలో కార్పొరల్ గొంతు. "ఉత్తరం పోస్ట్. చిన్న వేడి, ఒకటే. మంచు కొట్టేవాళ్లకి అవతల నూట యాభై మీటర్లు. నక్క అనుకుంటా. ప్రమాదం లేదు. ఓవర్."

"విన్నాను. నక్క" అన్నాడు సార్జెంట్.

అలవాటుగా నా స్కోపు అటు తిప్పాను. ముందు ఏమీ కనిపించలేదు. దీపం వేశాను. రెండు కళ్లు మెరిశాయి. నక్క కళ్లంత కిందుగా లేవు. వాటి వెనుక, లేత ఆకుపచ్చ మంచు మీద అంతకన్నా కాస్త ముదురు ఆకుపచ్చ. భుజం. మెడ. నడక.

ఎలుగుబంటి.

థర్మల్‌లో అది ఎందుకు కనిపించలేదో నాకు వెంటనే అర్థమైంది. ఆ బొచ్చు, కింద కొవ్వు కలిసి ఒంటి వేడిని బయటికి పొక్కనివ్వవు. పైన బొచ్చు మంచంత చల్లగా ఉంటుంది. వేడిగా ఉండేది మూతి ఒక్కటే. కార్పొరల్ చూసింది ఆ మూతినే.

అప్పుడు నాకొచ్చిన ఆలోచన దాచుకోకుండా రాస్తాను. 'నక్క' అని రేడియోలో అన్నాడు. అందరూ విన్నారు. సార్జెంట్ విన్నాడు. ఇంకొక్క క్షణం ఆగితే ఆ తప్పు అతని పేరు మీదే గట్టిపడుతుంది.

ఆగాను.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

"ఎలుగు! ఎలుగు! సరస్సు మీద! వెనక్కి రండి!" అని అరిచాను. రేడియో బటన్ నొక్కానో లేదో గుర్తులేదు. నా గొంతు మంచు మీదుగా నేరుగానే వాళ్లకు వినిపించిందట.

వాళ్లు గొడ్డలి అక్కడే వదిలేసి వెనక్కి వచ్చారు. పరుగెత్తకూడదని నేర్పించారు కాబట్టి నడిచారు. ఆ నడక నేను చూడలేకపోయాను. వేటగాడు అప్పటికే స్నోమొబైల్ మీదున్నాడు. వాళ్లకూ ఎలుగుకూ మధ్యకు వెళ్లి, పెద్ద చప్పుడు చేసే గుళ్లు రెండు దాని ముందు నేల మీద పేల్చాడు. ఎలుగు ఆగింది. తల ఎత్తి వాసన చూసింది. తిరిగి వెళ్లిపోయింది. ఎవరికీ గీత పడలేదు.

సార్జెంట్ నా భుజం మీద కొట్టాడు. "మంచి కన్ను" అన్నాడు. మూడేళ్లుగా ఆ మాట కోసమే ఎదురుచూశాను.

కార్పొరల్ వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది. "అన్నా, నేను నక్క అన్నాను. మీరు లేకపోతే..." పూర్తి చేయలేకపోయాడు. గుడారంలో అందరి ముందూ తన తప్పు తనే చెప్పుకున్నాడు. నాకు చప్పట్లు కొట్టించాడు.

ఆ సాయంత్రం వేటగాడు నా పక్కన కూర్చున్నాడు.

"నీ స్కోపు ఆగింది. తర్వాత నీ నోరు తెరుచుకుంది. మధ్యలో ఏం చేశావు?"

"అదేమిటో ఖాయం చేసుకుంటున్నాను."

"ఎలుగు కళ్లు గుర్తుపట్టడానికి అంతసేపు అక్కర్లేదు."

నేను కప్పులో మిగిలిన టీ తాగేశాను. నేనే మాట మార్చాను. "మరి ఏ స్కోపు కొంటున్నారు?"

"థర్మల్."

"ఇంత జరిగాక కూడానా?"

"అది ఎలుగును చూపించదని ఇప్పుడు తెలిసింది. తెలిస్తే చాలు. కారిబూని చూపిస్తుంది. నేను తినేది కారిబూ. దగ్గరికి వెళ్లాక కొమ్ములు నా కళ్లతో చూసుకుంటాను."

సరైన నిర్ణయమే. అయినా నా లోపల ఏదో చివుక్కుమంది. అప్పటికి కూడా.

మూడు వారాలు అయ్యాక తిరిగొచ్చాం. టొరంటో పియర్సన్ విమానాశ్రయం బయట మైనస్ నాలుగు. కోటు జిప్ తీసేశాం. కార్పొరల్ కారు పార్కింగ్‌లో ఉంది. నన్ను ఇంటి దగ్గర దింపుతానన్నాడు.

"అన్నా, దోశ తిందామా? మూడు వీక్స్ నుంచి అదే కలలోకి వస్తోంది."

ఫోర్-ఓ-వన్ హైవే ఎక్కాక చెప్పాను. ముందే చూశానని. ఆగానని. ఎందుకు ఆగానో కూడా.

అతను రోడ్డు మీంచి కన్ను తిప్పలేదు. "ఎన్ని సెకన్లు?"

"నాలుగు."

సిగ్నల్ వేసి కుడి లేన్‌లోకి మారాడు. అప్పుడు అడిగాడు. "మెడిక్‌కి చెప్పారా?"

"లేదు."

"చెప్పాలి, అన్నా."

దోశ మాట మళ్లీ రాలేదు. మా బిల్డింగ్ ముందు ఆపి, నా బరువైన సంచీ తనే దింపి గుమ్మం దాకా మోసుకొచ్చాడు. "సరే అన్నా" అని వెళ్లిపోయాడు. తర్వాత అతను ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు.

వారం తర్వాత మెడిక్‌కు ఫోన్ చేశాను. అంతా విన్నది. "చెప్పినందుకు థాంక్స్" అన్నది. "ఇంకోసారి మనిద్దరికీ ఒకే డ్యూటీ పడితే, నేను వేరేది అడుగుతాను." కోపంగా అనలేదు. మందు మోతాదు చెప్పినట్టు చెప్పింది. వసంతంలో నేను యూనిఫాం తిరిగి ఇచ్చేశాను.

ఈమధ్య ఎవరో ఫోటో పంపారు. కార్పొరల్ ఇప్పుడు సార్జెంట్. చేతి మీద మూడు చారలు. నిజం చెప్పాలంటే నాకు ముందు అసూయే పుట్టింది. ఆ తర్వాతే, ఎప్పటిలాగే, స్కోపులోని ఆ ఆకుపచ్చ వలయం కళ్ల ముందుకు వచ్చింది.

అందులో మెడిక్ మంచు మీద గొడ్డలి ఆనించి నిలబడి ఉంది. పక్కవాడు ఏదో అన్నాడు. తల వెనక్కి వేసి నవ్వుతోంది. గాలి లేదు కాబట్టి ఆమె ఊపిరి నిట్టనిలువుగా పైకి లేస్తోంది. ఆమె భుజం పైన రెండు వెలుగులు. ఆమెకు తెలియదు. నాకు తెలుసు. ఆమె ఇంకా నవ్వుతూనే ఉంది.