ఫ్యాను కింది చాప

ఈ ఆదివారం సత్యవేడు వెళ్లినప్పుడు మా ప్రార్థన మందిరంలో కొత్త ప్లాస్టిక్ కుర్చీలు కనిపించాయి. వరుసగా, దేనికది విడిగా. నలుగురి ముందునుంచి నడిచే ధైర్యం నాకు మొదటినుంచీ తక్కువే. గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. పక్కన, చెప్పులు విడిచే చోట, నా కళ్లు ఒక చాప కోసం వెతికాయి.

అప్పట్లో ఆ రేకుల కప్పు కింద ఒకటే ఫ్యాను. ఎవరి చాప వాళ్లు ఇంటినుంచి తెచ్చుకోవాలి. నన్ను పెంచిన మేనత్త, మొదటి గంట కొట్టకముందే నా చంకలో చాప పెట్టి తరిమేది. సరిగ్గా ఫ్యాను కింద పరిచి, ఆమె వచ్చేదాకా కాపలా కూర్చోవడం నా పని. పుస్తకం చదువుకోవచ్చు కనుక నాకూ అభ్యంతరం ఉండేది కాదు. ఆ చాప అంచుకు పరాయి మోకాలు ఆనినా అత్త గొంతు సవరించుకునేది. "ఏమక్కా, పరలోకంలో గూడా ఫ్యాను కిందే చాప ఏస్తావా?" అని ఎదురింటి పిన్ని ఎగతాళి చేస్తే, "ఆడ ఉక్క ఉండదులేమ్మే" అని నవ్వకుండా జవాబిచ్చేది.

ఆ రోజుల్లోనే రాష్ట్ర సరిహద్దు అవతలినుంచి మామిడితోటల్లో కూలికి వచ్చిన ఒకామె మందిరానికి రావడం మొదలుపెట్టింది. ఆమెకు చాప లేదు. చెప్పుల పక్కన వట్టి సిమెంటు మీద, వాచిన కాళ్లు చాపుకుని కూర్చునేది. మా చాపలో సగం ఖాళీగానే ఉండేది. పాస్టరమ్మ ఒకసారి కళ్లతోనే అత్తను అడిగింది. "ఆమెకు ఆడనే బాగుండాదిలే, వాకిట్లో గాలి తగులుతాది" అంది అత్త, కుచ్చిళ్లు ఆ ఖాళీ మీదికి పరుచుకుంటూ.

ఆ వేసవిలోనే అత్త భర్త, మా మామ, చనిపోయాడు. మూడోరోజు ప్రార్థన దాకా ఇంటినిండా జనం. మా వైపు చావింటినుంచి వెళ్లేవాళ్లు 'వస్తాను' అనరు. మళ్లీ అలాంటి రాకను కోరినట్టవుతుందని, చెప్పకుండానే లేచి వెళ్లిపోతారు. మందిరంవాళ్లూ అలాగే ఒక్కొక్కరే కదిలారు. ఆ కూలామె మాత్రం లేచి, "వస్తానక్కా. రేపు గూడా వస్తా" అంది. పిన్ని నోరు నొక్కుకుంది. "సావింట్లో వస్తానంటారా యెవురన్నా!"

మర్నాడు ఆమె నిజంగానే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. మామిడి సొన మరకలు పడ్డ చేతులు కడుక్కుని, అత్త పక్కన నేలమీద కూర్చునేది. పెద్దగా మాటలుండేవి కావు. ఇద్దరూ కలిసి చింతపండులో పిక్కలు తీసేవారు. మిగతావాళ్లెవరూ మళ్లీ గడప తొక్కలేదు. సాయంత్రమయ్యేసరికి అత్త వాకిలివైపు చూడడం మొదలుపెట్టింది.

అత్త మళ్లీ మందిరానికి బయల్దేరిన ఆదివారం నేను అలవాటుగా ఫ్యాను కింద చాప పరిచాను. అత్త వచ్చి, దాన్ని లాక్కెళ్లి చెప్పుల పక్కన వేసింది.

"జరుగుమ్మే, నేనూ కూసుంటా."

"ఈడ ఉక్కక్కా!"

"ఉండనీ."

ఆ పూట ఇద్దరూ చెమటతో తడిసి, ఒకే కొంగుతో విసురుకుంటూ పాడారు. ఇద్దరికీ రాగం రాదు.

వాళ్లు కలిసి కూర్చున్నది ఒక్క వానాకాలమే. కాళ్ల వాపు ఆమె ఒళ్లంతా పాకింది. తిరుపతి ఆసుపత్రికి వెళ్లిన మనిషి మళ్లీ నడిచి రాలేదు. సమాధి దగ్గరినుంచి అందరూ మౌనంగా కదిలారు. అత్త ఒక్కతే వంగి, పచ్చిమట్టి మీద చేయి ఆనించి, "వస్తానమ్మే" అంది.

తరవాత, తానున్నన్నాళ్లూ చాపలో సగం ఖాళీగా ఉంచి, గుమ్మం దగ్గర తటపటాయించే మనిషినల్లా చేయిపట్టి కూర్చోబెట్టేది. ఇప్పుడు అత్తా లేదు. నేను ఒక కుర్చీని పక్కదానికి ఆనేలా జరిపి, గుమ్మం దగ్గరే కూర్చున్నాను. కాలం కూడా చావింటికొచ్చిన చుట్టంలాంటిదే. వెళ్లేటప్పుడు వస్తానని చెప్పదు.